బైక్ వెనక డబ్బా: ఒక ప్లేటు, ఒక తాళంచెవి కథ

ఇవాళ్టి ఎపిసోడ్ బైక్ వెనకాల ఉండే డబ్బా గురించి. టాప్ బాక్స్ అంటారు కదా, అదే. ఒక ప్లాస్టిక్ డబ్బాకి చరిత్ర ఏంటి అని నవ్వుకుంటున్నారేమో, ఒక పావుగంట నాతో ఉండండి. ఇందులో ఎద్దులు ఉన్నాయి, జర్మనీ ఉంది, ఒక ఇటలీ రేసర్ ఉన్నాడు, జపాన్ నూడుల్స్ కొట్టు ఉంది, చివర్లో మన హైదరాబాద్ డెలివరీ అన్నలు ఉన్నారు.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ కథలో అసలు సంగతి డబ్బా కాదు. డబ్బా ఎవరైనా చేస్తారు. ఆ డబ్బా కింద, ర్యాక్ మీద బిగించి ఒక నల్ల ప్లేటు ఉంటుంది చూడండి, అన్నం తినే కంచం అంత సైజులో. అసలు తెలివంతా అక్కడ ఉంది. నేను నాలుగేళ్ళు ఐటీలో పనిచేశా కాబట్టి నా భాషలో చెప్తా: అది ఇంటర్‌ఫేస్. ఇటువైపు బండి, అటువైపు సామాను. ఒకదాని గురించి ఒకదానికి ఏమీ తెలియక్కర్లేదు, మధ్యలో ప్లేటు తెలిస్తే చాలు.

కానీ ఆ ప్లేటు చేయాల్సిన పని మాత్రం మామూలుది కాదు. బండి నడుస్తున్నంతసేపూ డబ్బా వెల్డింగ్ చేసినట్టు కదలకుండా ఉండాలి. గుంతలో పడ్డా, స్పీడ్ బ్రేకర్ ఎగిరినా, సింగిల్ సిలిండర్ ఇంజన్ గంటలకొద్దీ వణికించినా ఊడకూడదు. బండి ఆగిందంటే మాత్రం స్పానర్ లేకుండా, వంగి తంటాలు పడకుండా, రెండు సెకన్లలో చేతిలోకి వచ్చేయాలి. మనం పక్కన లేనప్పుడు దొంగకి మాత్రం రాకూడదు. మూడు పనులు, మూడూ ఒకదానికొకటి పడనివి. ఈ ముడి విప్పడానికి మోటార్‌సైకిల్ పుట్టాక ఎన్నో దశాబ్దాలు పట్టింది.

అసలు మోటార్‌సైకిల్ కన్నా ముందు ఏముందో చూద్దాం. తెలుగులో పెరిక అని ఒక మాట ఉంది. ఎద్దు వీపు మీద అటొకటి ఇటొకటి వేలాడేట్టు వేసే జంట సంచి. బండి బాటలు సరిగా లేని రోజుల్లో ఉప్పు, ధాన్యం ఊళ్ళు దాటింది ఈ పెరికల్లోనే. లంబాడీలు వేల ఎడ్లని తోలుకుంటూ మొఘల్ సైన్యాలకీ, నిజాం సైన్యాలకీ తిండిగింజలు మోసింది కూడా ఇలాగే. ఇప్పుడు బైక్ పక్కన తగిలించే పెట్టెల్ని ప్యానియర్స్ అంటున్నాం కదా, అది ఫ్రెంచ్ మాట. రొట్టెలు పెట్టే బుట్ట అని అర్థం. లాటిన్‌లో పానిస్ అంటే రొట్టె. ఫ్రాన్స్‌లో గాడిదకి రెండు పక్కలా రొట్టెల బుట్టలు, మన దగ్గర ఎద్దుకి రెండు పక్కలా ఉప్పు సంచులు. ఐడియా ఒకటే.

ఇక్కడ ఒక్కటి గమనించండి. ఎవరైనా ఎద్దు తోక మీద మూట కట్టారా? కట్టరు. బరువు ఎప్పుడూ వీపు మధ్యలో, రెండు పక్కలకి, కిందికి. జంతువుతో బతికినవాళ్ళకి అది చెప్పక్కర్లేదు. వెనక చక్రం కూడా దాటిపోయి, ఎత్తులో, గాల్లో బరువు పెట్టడం మనం మోటార్‌సైకిల్ వచ్చాక నేర్చిన అలవాటు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

తొలి మోటార్‌సైకిళ్ళ మీద గుర్రం నుంచి దిగిన తోలు సంచులే ఉండేవి, బెల్టులతో. వానలో తడుస్తాయి, ఎండలో బిగుసుకుపోతాయి, తాళం ఉండదు. తర్వాత గట్టి పెట్టెలు వచ్చాయి. ఇంగ్లండ్‌లో కెన్ క్రావెన్ అనే ఆయన, స్వయంగా యూరప్ అంతా బైక్ మీద తిరిగిన మనిషి, 1950ల్లో టూరింగ్ పెట్టెలు చేసి అమ్మాడు. మంచి పేరు వచ్చింది. ఆ కాలం పెట్టెల్లో చాలావాటిని బోల్టులతో బిగించేవాళ్ళు. అంటే పెట్టె బండిలో భాగం. హోటల్‌కి చేరాక పెట్టె బండి మీదే ఉంటుంది, లోపలున్న బట్టలు ఒక్కొక్కటీ చేతుల్లో పెట్టుకుని మెట్లెక్కాలి. వానలో అయితే ఇంకా బాగుంటుంది.

దీన్ని మార్చినవాళ్ళలో పెద్ద పేరు జర్మనీ నుంచి. ఆగ్స్‌బర్గ్ దగ్గర మెరింగ్ అనే చిన్న ఊళ్ళో మైఖేల్ క్రౌజర్ అని ఒక బీఎండబ్ల్యూ డీలర్. 1970ల మొదట్లో ఈయన పెట్టెల ప్రత్యేకత ఏంటంటే, బండి మీద ఉన్నప్పుడు అది ప్యానియర్, తీస్తే సూట్‌కేస్. పైన పట్టుకోవడానికి పిడి. మీట లాగితే ఊడొస్తుంది, ఊపుకుంటూ హోటల్ లోపలికి వెళ్ళొచ్చు. బీఎండబ్ల్యూ తన పేరు వేసుకుని మరీ ఆయన చేసిన పెట్టెల్ని అమ్మింది. తమాషా ఏంటంటే ఈ క్రౌజర్ రేసింగ్ పిచ్చి ఉన్న మనిషి. 1985లో 80 సీసీ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌ని స్టెఫాన్ డార్ఫ్లింగర్ గెలిచింది క్రౌజర్ పేరున్న బండి మీదే. సూట్‌కేసులు అమ్మే మనిషి బండి వరల్డ్ ఛాంపియన్ అయింది!

క్రౌజర్‌వి ఎక్కువగా పక్క పెట్టెలు. మన టాప్ బాక్స్ కథ నిజంగా మొదలయ్యేది ఇటలీలో. ఇక్కడ కూడా రేసరే. జుసెప్పె విసెంజి. 1969 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో 350 సీసీ క్లాస్‌లో మూడో స్థానం. ఆ ఏడాది మొదటి స్థానం ఎవరిదో బైక్ పిచ్చోళ్ళకి చెప్పక్కర్లేదు, జాకొమో అగొస్తీని. విసెంజి రేసులు వదిలేశాక 1978లో బ్రెషియా దగ్గర కంపెనీ పెట్టాడు. పేరులోని మొదటి అక్షరాలు కలిపాడు, జి-ఐ, వి-ఐ. మన దగ్గర గివి అంటారు. ఇటలీ వాళ్ళు మాత్రం అచ్చంగా జీవి అని పలుకుతారు. తెలుగువాళ్ళకి ఇంతకన్నా మంచి కంపెనీ పేరు దొరకదు.

ఈ జీవి వాళ్ళ సిస్టమ్ పేరు మోనోకీ. పేరులోనే ఉంది, ఒకటే తాళంచెవి. డబ్బా మూత తెరవడానికీ, డబ్బాని బండి నుంచి విడదీయడానికీ ఒకటే. ఎలా పనిచేస్తుందో చెప్తా, చేతులతో చూపిస్తా చూడండి. ముందు బండి ఫ్రేమ్‌కి, సీటు కింద, గ్రాబ్ రైల్ బోల్టులు ఉండే చోట ఒక ఇనప ర్యాక్ బిగిస్తారు. ప్రతి మోడల్ బండికీ వేరే ర్యాక్, ఎందుకంటే ప్రతి బండి తోక వేరే. దాని మీద ప్లేటు. ప్లేటు ముందు భాగంలో నాలుకల్లాంటివి ఉంటాయి. డబ్బాని కొంచెం వాల్చి ముందుభాగాన్ని ఆ నాలుకల్లోకి దూర్చాలి, తర్వాత వెనకభాగాన్ని కిందికి నొక్కాలి. టక్. అంతే.

ఆ "టక్" వెనక ఉన్న ఆలోచన నాకు చాలా ఇష్టం. బ్రేక్ వేస్తే డబ్బా ముందుకి తోసుకొస్తుంది, ఆ బలాన్ని తీసుకునేది ముందున్న నాలుకలు. గుంతలో ఎగిరితే వెనకభాగం పైకి లేవాలని చూస్తుంది, దాన్ని ఆపేది వెనకున్న గడియ. మీ వేలికి పని ఉండేది ఆ గడియ ఒక్కదానితోనే. బరువు మోసే భాగాలు వేరు, విడదీసే భాగం వేరు. పైగా గడియకి తాళం ఉంది కాబట్టి దొంగకి డబ్బా రాదు. మూడు పనులు అన్నాను కదా, మూడూ ఒక్క ప్లేటులో అయిపోయాయి.

నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఒక కంపెనీ డబ్బా ఇంకో కంపెనీ ప్లేటుకి పట్టదు. అంతెందుకు, జీవిలోనే మోనోకీ అని ఒకటి, చిన్న డబ్బాల కోసం మోనోలాక్ అని ఇంకొకటి, దీనిది దానికి నేరుగా కూర్చోదు. ఫోన్ ఛార్జర్ల గొడవ మనకి తెలుసు కదా, అదే గొడవ. ఛార్జర్లు చివరికి దారికి వచ్చాయి, డబ్బాలు రాలేదు.

అమెరికా సంగతి ఒక్క ముక్కలో దాటేస్తా. 1980లో హోండా గోల్డ్ వింగ్ ఇంటర్‌స్టేట్ అని ఫ్యాక్టరీ నుంచే పెట్టెలతో వచ్చింది. 1988 మోడల్‌కి వచ్చేసరికి ఆ పెట్టెలు బండి బాడీలో కలిసిపోయాయి, ఊడదీసే పనే లేదు. నా అంచనా ఏంటంటే, గ్యారేజీ ఉన్న ఇంటివాడికి ఊడే పెట్టె అక్కర్లేదు. మూడో అంతస్తులో ఉంటూ బండి వీధిలో పెట్టేవాడికి కావాలి. బ్రెషియాలో వాడూ అంతే, మన కూకట్‌పల్లిలో వాడూ అంతే.

టాప్ బాక్స్ ఇంత మామూలు వస్తువు అవడానికి టూరింగ్ ఒక్కటే కారణం అనుకోను. హెల్మెట్ పెద్ద కారణం. తల మొత్తం కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ 1960ల చివర్లో వచ్చింది. 1973లో బ్రిటన్ హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఇటలీ 1986లో చేసింది. బండి దిగాక ఆ గుండ్రటి బరువు ఎక్కడ పెట్టాలి? సన్నటి పక్క పెట్టెలో పట్టదు. అందుకే ఇప్పటికీ టాప్ బాక్స్ కొనేటప్పుడు లీటర్లు ఎవరూ అడగరు, "అన్నా, రెండు హెల్మెట్లు పడతాయా?" అంటారు. డబ్బా సైజుని చట్టం కొలిచిందన్నమాట.

ఇప్పుడు ఎద్దు తోక దగ్గరికి వద్దాం. చిన్న లెక్క, బీటెక్‌లో మనం కాపీ కొట్టి పాసయిన సబ్జెక్టే, భయపడకండి. ఒక మామూలు బైక్ రెండు చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు అనుకుందాం. డబ్బా మధ్యభాగం వెనక ఇరుసు కన్నా 39 సెంటీమీటర్లు వెనక్కి ఉందనుకుందాం. అందులో 10 కిలోలు పెట్టాం. వెనక చక్రం మీద ఎంత బరువు పెరుగుతుంది? 10 కాదు, 13 కిలోలు. మిగతా 3 ఎక్కడి నుంచి వచ్చింది? ముందు చక్రం మీద నుంచి. అంటే డబ్బా వెనక కూర్చుని ముందు చక్రాన్ని పైకి లేపుతోంది. పిల్లలు ఆడుకునే ఊగుడు బల్ల ఉంది చూడండి, సరిగ్గా అదే. ముందు చక్రం తేలికైతే హ్యాండిల్ తేలికవుతుంది, స్పీడ్‌లో బండి తోక అటూ ఇటూ ఈదడం మొదలుపెడుతుంది.

ఇది కంపెనీలకి తెలుసు. అందుకే మోనోకీ డబ్బాలకి 10 కిలోలు మించొద్దు, గంటకి 120 కిలోమీటర్లు దాటొద్దు అని వాళ్ళే రాశారు. రేసర్ పెట్టిన కంపెనీ స్పీడ్ లిమిట్ రాసిందంటే దానికి ఒక అర్థం ఉంటుంది. ఇంకో సంగతి, మీ బండి ర్యాక్ కెపాసిటీ డబ్బా కెపాసిటీ కన్నా తక్కువ ఉండొచ్చు. అప్పుడు చెల్లేది తక్కువ అంకె. పైగా ఆ అంకెలో చాలాసార్లు డబ్బా సొంత బరువు కూడా కలిసి ఉంటుంది, డబ్బాయే మూడు నాలుగు కిలోలు తూగుతుంది. బరువైనవి అడుగున, సీటు వైపుకి పెట్టండి. నైలాన్ రింగ్ ఉన్న నట్లు వాడండి, మామూలు నట్లని మన రోడ్లు ఊడదీస్తాయి. కొత్తగా బిగించాక కొన్ని వందల కిలోమీటర్లకి ఒకసారి మళ్ళీ స్పానర్ పట్టుకుని చూడండి.

ఇంతవరకూ చెప్పింది సరదాకి తిరిగేవాళ్ళ చరిత్ర. పనికోసం బండి ఎక్కేవాడి చరిత్ర ఇంకొకటి ఉంది. నాకు అదే ఎక్కువ ముఖ్యం.

జపాన్‌లో సోబా అని నూడుల్స్ ఉంటాయి. వేడి వేడి పులుసుతో గిన్నెల్లో ఇంటికి తెచ్చిస్తారు. ఒకప్పుడు కుర్రాళ్ళు సైకిల్ మీద ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, ఇంకో భుజం మీద గిన్నెల దొంతర పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. పాత ఫోటోలు చూస్తే గుండె జారుతుంది. 1958లో హోండా సూపర్ కబ్ తెచ్చినప్పుడు ఎడమ చేతికి క్లచ్ లేకుండా చేసింది. సోబా కుర్రాడు ఒంటిచేత్తో నడపగలగాలి అనేది ఆ బండి వెనకున్న ఆలోచనల్లో ఒకటి. 2017 నాటికి అవి 10 కోట్లు తయారయ్యాయి. ఆ రోజుల్లోనే టోక్యోలో ఒక సోబా కొట్టాయన చేయించిన పరికరం ఒకటి వచ్చింది, దాని పేరు దెమాయెకి. బండి వెనక ర్యాక్‌కి తగిలిస్తారు. అందులో గిన్నెల ట్రే స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. బ్రేక్ వేసినా, బండి వంగినా, ట్రే మాత్రం ఊయలలా సర్దుకుంటుంది, పులుసు ఒలకదు. ఇప్పటికీ కొన్ని సోబా కొట్ల ముందు కనిపిస్తుంది. చూశారా, కుర్రాడి భుజం మీద నుంచి బరువు దిగి బండి మీదికి వెళ్ళింది. దీన్ని చేసింది పెద్ద కంపెనీ కాదు, కొట్టు ఓనరు.

మన దగ్గర ఇలాంటి తెలివి లేదా అంటే, బోలెడంత ఉంది, పేరు పెట్టలేదు అంతే. పాలవాళ్ళ రాజ్‌దూత్ గుర్తుందా? మీ నాన్నగారిని అడగండి. వెనక సీటు మీద అడ్డంగా ఇనప ఫ్రేము, రెండు పక్కలా కొక్కేలు, కొక్కేలకి పాల క్యాన్లు. వాటి బరువే వాటికి తాళం. పైకి ఎత్తితే ఊడుతుంది, వదిలితే కూర్చుంటుంది. బరువు రెండు పక్కలా, కిందికి. అచ్చంగా పెరిక! ఎద్దు పోయి రాజ్‌దూత్ వచ్చింది, లెక్క మారలేదు. టీవీఎస్ ఎక్సెల్ చూడండి, వెనక సీటు సులువుగా ఊడొచ్చేస్తుంది, మొత్తం బల్లలా అవుతుంది. పొద్దున కూరగాయల మూట, సాయంత్రం సీటు పెట్టి భార్యని ఎక్కించుకుని పెళ్ళికి. వీళ్ళు డబ్బాని ఊడదీస్తే మనవాళ్ళు సీటునే ఊడదీశారు.

మరి ఇంత చరిత్ర ఉన్నాక, మన ఊళ్ళలో ఫుడ్ డెలివరీ చేసే చాలామంది వీపుకి బ్యాగ్ ఎందుకు తగిలించుకుని తిరుగుతున్నారు?

1996లో డోమినోస్ ఇండియాకి వచ్చింది. పిజ్జా బండ్ల వెనక డబ్బా ఉండేది, గట్టిగా బోల్టులతో. ఎందుకంటే బండి కొట్టుది. కొట్టు బండికి ఎన్ని చిల్లులు పెట్టినా అడిగేవాడు లేడు. 2014-15 నుంచి యాప్‌ల కాలం వచ్చింది. ఇప్పుడు బండి రైడర్‌ది. ఈఎంఐ రైడర్‌ది. ఆ బండి మీదే పొద్దున పాపని స్కూల్లో దించాలి, ఆదివారం అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. శాశ్వతంగా డబ్బా బిగిస్తే వెనక సీటు పోతుంది. అందుకని డబ్బా వద్దు, బ్యాగ్ చాలు అన్నారు. బండి ఎవరిదో మారింది, బరువు బండి మీద నుంచి మనిషి వీపు మీదికి ఎక్కింది. జపాన్‌లో దిగిన బరువు ఇక్కడ మళ్ళీ ఎక్కింది!

సరిగ్గా ఇలాంటి చిక్కు కోసమే ఊడే ప్లేటు పుట్టింది. ఒకే బండి, రెండు జీవితాలు. పనిలో ఉన్నప్పుడు డబ్బా, ఇంటికొచ్చాక సీటు. టెక్నాలజీ నలభై ఏళ్ళుగా ఉంది, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. అయినా మంచి ప్లేటూ డబ్బా సెట్టు లడఖ్ వెళ్ళేవాడి బండి మీద కనిపిస్తుంది కానీ, రోజుకి పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండేవాడి బండి మీద చాలా తక్కువ. డబ్బా ఖర్చు ఎవరు పెట్టాలి అనే ప్రశ్న దగ్గర బండి ఆగిపోయింది. వీపు నొప్పి ఖర్చు మాత్రం ఎవరిదో అందరికీ తెలుసు.

కొందరు బ్యాగ్‌ని సీటు మీద పెట్టి బంజీ తాడు వేస్తారు. వీపు మీద కన్నా అది నయమే. కానీ ఆ తాడు హుక్ జారి చైన్‌లోనో, చక్రంలోనో పడితే ఏమవుతుందో ఆలోచించండి. తాడు వాడేవాళ్ళు ఇవాళే ఒకసారి హుక్కులు చూసుకోండి, సాగిపోయిన తాడుని పారేయండి.

పోయిన నెల ఈ ఎపిసోడ్ కోసం పుత్లీబౌలిలో స్పేర్ పార్ట్స్ షాపుల మధ్య తిరుగుతుంటే, ఒక డెలివరీ అన్న బండి కనిపించింది. వెనక సీటు మీద అడ్డంగా పాత ఇనప ఫ్రేము, పెయింట్ ఊడిపోయి, రెండు పక్కలా కొక్కేలు. మధ్యలో కొత్తగా ఒక రేకు వెల్డింగ్ చేయించి, దాని మీద ఫుడ్ బ్యాగ్‌ని పక్కకి జరక్కుండా కూర్చోబెట్టాడు. రెండు క్లిప్పులు తీస్తే మొత్తం ఊడొస్తుంది. "ఎక్కడ చేయించావన్నా?" అని అడిగా. ఫ్రేము వాళ్ళ నాన్నదట. ఊళ్ళో పాలు పోసేవాడట. "క్యాన్లు అమ్మేశాం తమ్ముడూ, ఇది మాత్రం ఉంచా" అన్నాడు. ఫోన్‌లో ఆర్డర్ మోగింది, వెళ్ళిపోయాడు.